మేకుకు వేలాడిన స్మాక్

సరిహద్దు సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గుర్రాలు కింది క్యాంపులోనే ఆగిపోయాయి. అక్కడి నుంచి నడక. ఎడమ పక్క లోయ, కుడి పక్క రాయి, వీపున మూట. అక్టోబరు నెల. మంచు ఇంకా దిగలేదు. గాలి మాత్రం ఉంది.

ఆ గాలి గురించి ముందే చెప్పాలి. జమ్మలమడుగులో పెరిగినవాడికి గాలంటే ఎండాకాలపు వడగాలి. మొహాన కొడుతుంది, పోతుంది. అక్కడి గాలి అట్లా కాదు. మణికట్టు దగ్గర దూరుతుంది. మెడ దగ్గర దూరుతుంది. నడుం కింద నుంచి పైకి పాకుతుంది. మన బట్టలో కంత ఎక్కడుందో మనకంటే దానికే బాగా తెలుసు.

రాష్ట్రం రెండయిన ఏడాది అది. నేను స్టోర్‌మ్యాన్‌ను. తుపాకీ అందరికీ ఉన్నట్టే నాకూ ఉండేది. నా అసలు పని మాత్రం బట్టలు, బూట్లు, కిరోసిన్, డబ్బాల తిండి. పోస్టంటే మూడు బంకర్లు, రేకు కప్పు, చుట్టూ ఇసుక బస్తాలు. దిగిపోతున్న స్టోర్‌మ్యాన్ నాకు తాళంచెవులు ఇచ్చి, మూలనున్న గుట్ట చూపించాడు. పాత స్మాకులు. లెక్కలో లేనివి. ఎప్పుడెప్పుడో వచ్చిపోయిన దళాలు వదిలేసినవి. పారేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదన్నాడు.

స్మాక్ అంటే ఏమిటో ఇంటిపట్టున ఉన్నవాళ్ళకు చెప్పాలి. అది కోటు కాదు. కోటు మీద వేసుకునే గాలితెర. గట్టి నూలుగుడ్డ, ఆకుపచ్చ మీద గోధుమరంగు మచ్చలు. మాకు కొత్త కోట్లు ఇచ్చారు, వెచ్చగానే ఉండేవి. గాలి తిరిగినప్పుడు మాత్రం అందరూ నా గుట్ట దగ్గరికే వచ్చేవాళ్ళు. వచ్చి చేతికందింది తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళకు అన్నీ ఒకటే. నేను చలికాలమంతా ఆ గుట్ట పక్కనే కూర్చున్నవాణ్ణి. నాకు ఒకటి కావు. కొన్నిటికి మణికట్టు దగ్గర గుడ్డపట్టీ, బొత్తాం. ఎంత బిగించినా చిటికెనవేలు దూరేంత సందు మిగులుతుంది. కొన్నిటికి మెడ నుంచి కింది దాకా నిండు జిప్పు. తొడుక్కోవడం సులువు, కాని ఆ జిప్పు పళ్ళ గుండానే గాలి లోపలికొస్తుంది. అన్నిటికంటే పాతరకం వేరు. సగం దాకానే జిప్పు, తల మీద నుంచి దించుకోవాలి. వెనక తోకలాంటి గుడ్డ ఉంటుంది, కాళ్ళ సందు నుంచి ముందుకు లాగి బిగించుకోవాలి. మణికట్టుకు బొత్తాం ఉండదు. ఊలుతో అల్లిన పట్టు, చేతికి అంటుకుని కూర్చుంటుంది. విమానం నుంచి దూకే దళాల కోసం కుట్టినది. అటువంటిది మా పోస్టులో ఒక్కటే ఉంది.

అది గుట్టలో లేదు. పెద్ద బంకరు తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది.

దాని కింద చెక్కపలక. పలక మీద ప్రతి ఉదయం మొదటి టీ కప్పు. వంటవాడు పెట్టేవాడు. అది ఎప్పుడో ఈ పోస్టు కాపాడుతూ చనిపోయిన ఒక సిపాయిదట. ఆయన ఆరడుగుల మనిషట. ఇప్పటికీ కాపలా కాస్తాడట. బయటికి వెళ్ళేవాడు ఎవడైనా దాని ఎడమ చేతిని ముట్టుకుని వెళ్ళాలి. ముట్టుకోకుండా వెళ్ళినవాడు తిరిగిరాడట.

నేను జమ్మలమడుగు గ్రంథాలయంలో హేతువాదుల చర్చలు విని పెరిగినవాణ్ణి. పదహారేళ్ళకే చేతబడి చేస్తానన్నవాడికి ఎదురుగా నిలబడి, నా వెంట్రుకలే కోసిచ్చి, చేసి చూపించమన్నవాణ్ణి. ఊరుకుంటానా? మొదటి రోజే వంటవాణ్ణి అడిగాను, ఆ టీ ఎవరు తాగుతారని. చల్లారినాక తనే తాగుతానన్నాడు. చక్కెర ఎంత వేస్తావంటే తనకు సరిపడా అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వి, మరుసటి ఉదయం యథాప్రకారం చెయ్యి ముట్టుకుని బయటికి వెళ్ళారు.

ఆ పోస్టులో తెలుగువాడు ఇంకొకడే ఉన్నాడు. రేడియో ఆపరేటర్. ఊరు వేముల, పెళ్ళిచేసుకున్నది పులివెందులలో. దర్జీల ఇల్లు. పొట్టి, బక్కమనిషి, మాట చురుకు. ఇద్దరం ఒకరినొకరం మామా అనే పిలుచుకునేవాళ్ళం. వాడు బయటికి పోయినప్పుడు రేడియో సెట్ దగ్గర నేను కూర్చునేవాణ్ణి. అధికారిక సందేశం ముగిశాక అందులో రెండు ముక్కలు మా మాటలో మాట్లాడుకునేవాళ్ళం. అది నిబంధనలకు విరుద్ధం. కాని ఆ మాట వినే శత్రువుకు అర్థం కాదు, వినే మిత్రుడికీ అర్థం కాదు.

మొదటి మంచు పడేముందు ఆ స్మాక్‌ను ఏడాదికొకసారి మేకు నుంచి దించి, దులిపి, చిరుగులు కుట్టి మళ్ళీ తగిలించడం అక్కడి ఆచారం. సూది పట్టడం వచ్చినవాడు చేయాలి. ఆ ఏడాది ఆపరేటర్ చేతికొచ్చింది. ఎడమ మణికట్టు అల్లిక పురుగు కొట్టి సగం పోయింది. వాడు తన మఫ్లర్ అంచు విప్పి, ఆ ఊలుతో అల్లుతూ కూర్చున్నాడు. వంకాయరంగు ఊలు. పచ్చటి గుడ్డకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

దెయ్యానికి చలేస్తుందా అని వెక్కిరించాను.

"దెయ్యానికి కాదు మామా, గుడ్డకు. చిరుగు కనపడితే నాకు చెయ్యి ఊరకుండదు. నువ్వు తర్కం చేస్తాండావు, నేను కుడతాండా. ఎవురి పని వాళ్ళది."

"ఊలు యాడిది?"

"మా ఇంటామె అల్లింది. ఈ రంగు వద్దంటే వినల్యా. మంచులో పడిపోతే దూరం నుంచి కనపడాలంట."

అని నవ్వాడు. నేనూ నవ్వాను.

స్మాక్ దించి ఉండడంతో దాన్ని తిరగేసి చూసే అవకాశం దొరికింది. మెడ లోపల కొలత ముద్ర ఉంది. అన్నిటికంటే చిన్న కొలత. చేతులు చాపి నా ఒంటికి పెట్టుకుంటే నా మోచేతులు దాటి నాలుగు వేళ్ళు వచ్చింది. ఆరడుగుల మనిషి అందులో దూరడం జరిగే పని కాదు. పైగా అది దూకే దళాల బట్ట. ఆ సిపాయి మామూలు పదాతి దళం వాడని వాళ్ళే చెబుతారు. అంటే ఆయన ఈ స్మాక్‌ను వేసుకోవడం కాదు, చూసి కూడా ఉండడు.

నిజం దొరికితే దాన్ని దాచే అలవాటు నాకు లేదు. నేరుగా పోస్టు పెద్ద అయిన సుబేదార్ దగ్గరికి వెళ్ళాను. కొండప్రాంతం మనిషి, నెరిసిన మీసం, తక్కువ మాట. బుఖారీ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"తెలుసు" అన్నాడు. "ఆయనది ఎప్పుడో పేలికలైపోయింది. తర్వాత ఇంకొకటి తగిలించారు. అదీ పోయింది. ఇది నేను నీ గుట్టలోంచే తీసి తగిలించాను. నేను సిపాయిగా ఉన్నప్పుడు."

మరి ఎందుకీ అబద్ధం అని అడిగాను.

"చెయ్యి ముట్టుకోవడానికి ఆగుతాడు కదా. ఆ ఆగినప్పుడు బూటు లేసు ఊడిందో, చేతితొడుగు మరిచిపోయాడో చూసుకుంటాడు. నాకది చాలు. నీకు నిజం కావాలి. నాకు మనుషులు తిరిగిరావాలి. ఈ చలికాలం దాటేదాకా ఊరుకో."

నేను ఊరుకోలేదు. లేసులు చూసుకోమని ఆజ్ఞ ఇస్తే సరిపోతుంది, దానికి దెయ్యం ఎందుకన్నాను. ఈనాటికీ నా వాదన అదే. మనిషిని భయపెట్టి మంచిపని చేయించవచ్చు. అదే భయంతో రేపు ఇంకొకడు చెడ్డపనీ చేయిస్తాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికీ చెప్పేశాను. కొలత ముద్ర చూపించాను, తోకగుడ్డ చూపించాను. శ్రద్ధగా విన్నారు. ఒకడు మెచ్చుకున్నాడు కూడా. తెల్లవారి అందరూ మళ్ళీ చెయ్యి ముట్టుకునే బయటికి పోయారు. వాదనలో గెలవడం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఆపరేటర్ ఒక్కడే స్టోరుకు వచ్చి అడిగాడు.

"అయితే అది ఉత్త స్మాకేనా మామా?"

"ఉత్త స్మాకే."

"మంచిదేనా?"

"మనకాడ ఉండేవాటిల్లో దాన్ని మించింది లేదు. ఆ అల్లికపట్టు దాటి గాలి దూరదు. మంచి బట్టను మేకుకు తగిలించి టీ తాగిస్తాండారు."

వాడు తల ఊపాడు. 

జనవరిలో మా ముందున్న చిన్న కాపలా పికెట్‌కు పోయే టెలిఫోను తీగ తెగింది. సరిచేయడానికి ఆపరేటర్‌ను, ఒక లైన్‌మ్యాన్‌ను పంపారు. ఉదయం ఆరున్నరకు బయలుదేరారు, ఇంకా చీకటే. రాత్రి కాపలా చేసి నేను పడుకుని ఉన్నాను. ఆపరేటర్ బయటికి వెళ్తే సెట్ దగ్గర నేను కూర్చోవాలి. ఎనిమిదికి లేచి పెద్ద బంకరులోకి వచ్చాను. వంటవాడు పలక మీద చల్లారిన టీ కప్పు తీసుకుంటున్నాడు. అలవాటు కొద్దీ మేకు వైపు చూశాను.

మేకుకు స్మాక్ ఉంది. దాని మణికట్టుకు బొత్తాం ఉంది.

వంటవాడు చూడలేదు. బయటికి వెళ్ళినవాళ్ళెవరూ చూడలేదు. చీకట్లో బొత్తాం ఉన్న చేతినే ముట్టుకుని పోయారు. దూరం నుంచి అన్నీ ఒకటే. తేడా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపరేటర్ తన స్మాక్ మేకుకు తగిలించి, మేకుది తను వేసుకుపోయాడు.

పదింటికి సెట్‌లో పిలిచాడు. తెగినచోటు దొరికిందన్నాడు, గంటలో అయిపోతుందన్నాడు. గాలి శబ్దం. తర్వాత మా మాటలోకి దిగాడు.

"మేకు చూసినావా మామా?"

"చూసినా. యాలా తీసుకున్యావు?"

"వచ్చి చెప్తాలే. వాళ్ళకు చెప్పొద్దు. ఓవర్."

ఆ గొంతులో నవ్వు ఉంది. అంతే. అదే చివరి మాట.

ఒంటిగంటకు శబ్దం వచ్చింది. వాళ్ళు తిరిగివచ్చే దారిలో ఎండ తగిలిన వాలు మీది మంచు జారింది. దూరంగా లారీ కంకర దించినట్టు ఉంటుంది ఆ శబ్దం, ఎంతకూ ఆగదు. అందరం పరుగెత్తాం. చీకటి పడేలోపు లైన్‌మ్యాన్ దొరికాడు, చనిపోయి. ఆపరేటర్ దొరకలేదు. మరుసటి రోజు పొడవాటి కర్రలతో మంచులో గుచ్చుకుంటూ వెతికాం. మూడోరోజు మంచుతుపాను పట్టుకుంది. సుబేదార్ వెతుకులాట ఆపించాడు. ఆపకపోతే ఇంకో నలుగురు పోయేవాళ్ళు. ఆయన చేసింది సరైన పని. ఇది ఎవరడిగినా చెబుతాను.

మేకు సంగతి ఆయనకు చెప్పాను. కుర్రాళ్ళకు చెప్పవద్దన్నాడు. ఈసారి నేను మాట విన్నాను. చెబితే ఏమవుతుందో తెలుసు. ఒక సగం, స్మాక్ దొంగిలించాడు కాబట్టి పోయాడంటారు. ఇంకో సగం, ఇక దానిలో శక్తి లేదంటారు. రెండూ చెత్తే. వాలు మీద ఎండ పడింది, మంచు జారింది. దానికి స్మాక్‌తో పని లేదు.

కాని ఆ ప్రశ్న నాకు మిగిలింది. భయపడి తీసుకున్నాడా? లేక నా మాట విని, మంచి బట్ట అని తీసుకున్నాడా? నమ్మకమా, తర్కమా? ప్రతిదానికీ కారణం అడిగేవాణ్ణి నేను. వచ్చి చెప్తానన్నవాడు రాలేదు.

వేసవిలో మా దళం దిగింది. వాడి పెట్టె నేనే పులివెందులకు తెచ్చాను. పాత బస్టాండు వెనక సందులో కుట్టుమిషన్ పెట్టుకుని ఉంది వాడి భార్య షాహీన్. పెట్టె తెరిచి చూడలేదు. ఒకటే అడిగింది, ఒళ్ళు చూసినావా అన్నా అని. లేదన్నాను. అయితే బతికే ఉన్నాడంది.

ఆమెను ఎగతాళి చేయడానికి వీల్లేదు. వాలు అవతలివైపు కూడా లోయ ఉంది. అటు జారినవాడు అవతలివాళ్ళ చేతికి చిక్కవచ్చు. లోకంలో అటువంటివి జరిగాయి. ఆశకు ఆధారం ఉన్నంతసేపు అది మూఢనమ్మకం కాదు. ఆ ఆశను అమ్ముకున్నవాడు వేరే ఉన్నాడు. ఒక బాబా. సరిహద్దు అవతల పడమటి జైల్లో ఉన్నాడు, గడ్డం పెరిగింది, నీ పేరే తలుచుకుంటున్నాడని గురువారం గురువారం చెప్పి పంపేవాడు. ఏడేళ్ళు గడిచాక, చనిపోయినట్టు సంతకం పెడితే పింఛను వస్తుందని కాగితం వచ్చింది. ఆమె పెట్టలేదు. బతికున్న మనిషిని నా చేత్తో చంపమంటారా అని అడిగిందట. జాకెట్లు కుట్టుకుంటూ, కువైట్‌లో ఉన్న మరిది పంపింది కొంత తీసుకుంటూ బతికింది. నేను రెండుసార్లు వెళ్ళి ఆ బాబా మోసం గురించి చెప్పాను. రెండుసార్లూ టీ ఇచ్చి పంపింది.

నేను సైన్యం వదిలి ప్రొద్దుటూరులో ఒక బట్టల శెట్టి దగ్గర చేరాను. బడి యూనిఫాంలు, పోలీసు గుడ్డ అమ్మే కొట్టు. ఒకసారి గండికోట చూడటానికి వచ్చిన విదేశీయుడు, అక్కడి వాచ్‌మన్ ఒంటి మీది పాత స్మాక్‌ను అప్పటికప్పుడు కొని పట్టుకుపోయాడని శెట్టికి తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన మైదుకూరు, ఖాజీపేట, చుట్టుపక్కల పల్లెల్లో మాజీ సైనికుల ఇళ్ళ నుంచి పాత స్మాకులు పోగుచేసి, కంప్యూటర్‌లో పెట్టి బయటి దేశాలకు అమ్మడం మొదలుపెట్టాడు. ఏది ఏ రకమో తేల్చేది నేను.

దానికి మంత్రమేమీ లేదు. మణికట్టు చూస్తాను, జిప్పు చూస్తాను, తోకగుడ్డ ఉందా కత్తిరించారా చూస్తాను. కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగిస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన, బూడిద. పాలియెస్టరైతే ముడుచుకుని గట్టి పూసవుతుంది. టీ నీళ్ళలో ముంచి పాతదనం తెచ్చిన నకిలీలకు జేబు లోపల కూడా అదే రంగు ఉంటుంది. నిజంగా వాడిన బట్టకు జేబు లోపల రంగు వెలిసిపోదు, ఎండ అక్కడికి పోదు కాబట్టి. ఊలు అల్లిక ఉన్న పాతరకానికి అన్నిటికంటే ధర ఎక్కువ. కడిగితే ధర తగ్గుతుంది. రక్తపు మరక ఉంటే పెరుగుతుంది.

అవును, పెరుగుతుంది. చదువుకున్నవాళ్ళు, దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా మనిషి రక్తం అంటిన గుడ్డకు అద్దాల పెట్టె చేయించి ఇంట్లో పెట్టుకుంటారు. మా వంటవాడు పెట్టింది ఒక కప్పు టీ మాత్రమే. బాబా పాదధూళికీ ఈ మరకకూ తేడా ఏమిటని శెట్టిని అడిగాను.

"పాదధూళికి బిల్లు ఇయ్యర్లేప్పా" అన్నాడాయన.

పోయిన ఏడాది వానలకు ముందు ఉత్తరాది వ్యాపారి ఒకడు శెట్టికి ఒక పార్సిల్ పంపాడు. రకం తేల్చి, ధర చెప్పమన్నాడు. కొండల్లో గొర్రెలు మేపేవాళ్ళకు, మంచు కరిగిన వాగులో దొరికిందట. ఏ వాగో కూడా రాశాడు. దొరికింది దొరికినట్టే పంపుతున్నాను, విప్పలేదు, కడగలేదు అన్నాడు.

బల్ల మీద పరిచాను. సగం జిప్పు. తోకగుడ్డ ఉంది. కుడి మణికట్టుకు ఊలు అల్లిక. మెడ లోపల అన్నిటికంటే చిన్న కొలత ముద్ర. ఎడమ చెయ్యి మాత్రం కనిపించలేదు. తిరగబడి లోపలికి పోయి ఉంది, చొక్కాను తల మీద నుంచి ఆత్రంగా లాగేస్తే చెయ్యి తిరగబడినట్టు. కింది నుంచి వేళ్ళు పెట్టి తడిమాను. అల్లిక తగిలింది. కొద్దిగా వెలుతురులోకి లాగాను.

వంకాయరంగు.

"మంచి సరుకేనా?" అని శెట్టి అడిగాడు. మేం చూసినవాటిలో దీన్ని మించింది లేదన్నాను. తర్వాత ఆ ఊలు ఎవరిదో చెప్పాను.  సంగతి విన్నాక ఆ ఉత్తరాది వాడికి ఫోను చేసి, పదిరోజులు పడుతుందని చెప్పాడు. "నువ్వు పులివెందులకు పోయిరాప్పా" అన్నాడు.

బస్సు ఎక్కాను. సంచి ఒళ్ళో ఉంది. ఆ తిరగబడిన చెయ్యి ఏం చెబుతుందో నాకు తెలుసు. చలికి చచ్చిపోయే మనిషికి చివర్లో ఒళ్ళు మండిపోతున్నట్టు అనిపిస్తుంది. బట్టలు పీకేసుకుంటాడు. మాకు శిక్షణలోనే చెప్పారు. అంటే మంచుజారుడులో వాడు పోలేదు. లేచాడు. ఆ వాగు పోస్టుకు ఎదురు దిక్కున ఉంది. చీకట్లో దిక్కు తెలియక అటు నడిచాడు. మేం కర్రలతో గుచ్చుతూ వెతుకుతున్నప్పుడు వాడు ఎక్కడో ప్రాణంతో ఉండవచ్చు.

వంకాయరంగు ఊలు ఒక్కటి చాలు, చనిపోయాడని ఆమెకు తెలియడానికి. మిగతాది తెలియనక్కరలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఆ ఎడమ చేతిని బయటికి లాగి సరిచేస్తే, అది ఉత్త బట్ట. మంచు జారినప్పుడే క్షణంలో పోయాడమ్మా అంటే ఆమె నమ్ముతుంది. ముద్దనూరు దాటేదాకా నా చెయ్యి సంచిలోనే ఉంది. సుబేదార్ మాట గుర్తొచ్చింది. నీకు నిజం కావాలి అన్నాడాయన. ఆ నిజంతో తిరిగివచ్చే మనిషి ఇప్పుడు ఎవరూ లేరు. ఆమెకు కాస్త నెమ్మది మాత్రం ఇవ్వవచ్చు. కాని ఆ బాబా ఇన్నేళ్ళు ఆమెకు ఇచ్చింది కూడా నెమ్మదే. ఏది తెలియాలో ఏది తెలియకూడదో ఆమె తరఫున వాడు నిర్ణయించాడు. ఇప్పుడు నేను నిర్ణయిస్తానా?

చెయ్యి బయటికి తీసి సంచి మూతి కట్టేశాను.

షాహీన్ మిషన్ ఆపి లేచింది. కూచో అన్నా అంది. నేను సంచి విప్పి, ఏమీ చెప్పకుండా, అల్లిక అంచు ఒక్కటి పైకి లాగి చూపించాను. ఆమె వేలితో రాసి చూసింది.

"ఇది నా ఊలు" అంది. "యాడిదన్నా?"

చెప్పాను. మేకు, టీ కప్పు, మఫ్లర్ అంచు విప్పడం, వాడు స్మాక్ మార్చుకుపోవడం. వాగు.  అంతా విన్నాక చూపు ఆ తిరగబడిన చెయ్యి మీదికి పోయింది.

"ఇట్లా ఎవురు విప్పినారు?"

"వాడే విప్పుకున్నాడు తల్లీ."

"అంటే అప్పుటికి బతికుండాడు."

"ఉన్నాడు. కొన్ని గంటలు. ఎన్నో నాకు తెలీదు."

"శానా బాధపడినాడా?"

"ముందు పడింటాడు. చివర్లో చలి తెలీదు. ఎచ్చగా అనిపిస్తాది. అందుకే విప్పుతారు."

ఆమె ఏడవలేదు. వీధిలో ఆటో ఒకటి ఆగి, పోయింది. ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు. వేసుకుపోయేటప్పుడు వాడు ఏమనుకున్నాడో, దేవుడి గుడ్డ అని తీసుకున్నాడా, మంచి గుడ్డ అని నేను చెబితే తీసుకున్నాడా అని ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నను ఆమె ముందు పెట్టాను.

"చలి పెట్టింటాదన్నా" అంది. "దాంట్లో ఇంకేముండాది?"

తర్వాత ఆమె స్మాక్‌ను ఒళ్ళోకి తీసుకుంది. రోజూ పది బట్టలు తిరగేసే చేతులు. కింది అంచు నుంచి కుడిచెయ్యి లోపలికి పోనిచ్చింది. లోపల ముడుచుకుపోయిన గుడ్డ మెల్లగా కదిలింది. భుజం దగ్గర ఉబ్బింది. చెయ్యి బయటికి తిరిగి, మోచెయ్యి దాకా, మణికట్టు దాకా నిండుతూ వచ్చింది. చివర వంకాయరంగు అల్లిక. అందులోంచి ముందు వేళ్ళ కొసలు, తర్వాత చెయ్యి, బయటికొచ్చాయి. ఆమె ఆ చేతిని కాసేపు అట్లాగే ఉంచింది. చూస్తూ ఉంది. నేనూ చూశాను.

చెయ్యి తీసేసి, చిన్న కత్తెర అందుకుని, ఆ ఊలు మొత్తం ఒక్కొక్క కుట్టూ విప్పింది. వేలికి చుట్టుకుంది. స్మాక్ మడత పెట్టి నాకిచ్చింది.

"ఇది ఆయనది కాదు కదన్నా, ఆ మేకుది. వాళ్ళకు ఇచ్చెయ్. ఊలు నాది."

ఆ నెలలోనే పింఛను కాగితం మీద సంతకం పెట్టింది. బాబా దగ్గరికి పోవడం మానేసిందో లేదో నేను అడగలేదు. ఆ వాగు సంగతి మా దళానికి రాశాను. అక్కడి వేసవిలో వెతికించారు. ఏమీ దొరకలేదని జవాబు వచ్చింది.

పులివెందులకు పోయిన ఆ రోజు నేను పొద్దుగూకే వేళకు ప్రొద్దుటూరు చేరాను. శెట్టి స్మాక్ విప్పి, ఎడమ మణికట్టు చూశాడు. అక్కడ అల్లిక సగం లేదు, పురుగు తిన్నచోటు తెరుచుకుని ఉంది. ధర ఎంత పడిపోతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు.  మడిచి, దారం కట్టి, పార్సిల్ మీద చిరునామా రాసుకున్నాడు. మా దళంవాళ్ళ చిరునామా. ఉత్తరాది వాడితో తర్వాత ఆయన ఏం తేల్చుకున్నాడో నాకు చెప్పలేదు.

ఆత్మలు లేవు. చచ్చినవాళ్ళు రారు. సభల్లో ఈ మాట ఇప్పటికీ అంతే గట్టిగా చెబుతాను. చెప్పి దిగివచ్చాక, ఏ కొట్లోనైనా కొక్కేనికి వేలాడుతున్న చొక్కా కనిపిస్తే, నా కళ్ళు దాని ఎడమ చేతి దగ్గరికి పోతాయి. ఖాళీ గుడ్డ నిండుతుంది. వంకాయరంగు పట్టులోంచి వేళ్ళ కొసలు బయటికొస్తాయి. అవి ఆమె వేళ్ళని నాకు తెలుసు.